రాజు బొమ్మ లేని జర్మన్ రాగి నాణెం ఎక్కడిదో కనుక్కోవడం ఎలా?

జర్మనీలో ఆదివారం పూట జరిగే పాత సామాన్ల సంతల్లో, లేదంటే ఆన్‌లైన్‌లో "ప్రపంచ నాణేలు, కలగలుపు" అని తూకానికి అమ్మే లాట్లలో ఇలాంటివి తరచూ తగులుతుంటాయి. గోధుమరంగుకు తిరిగిన చిన్న రాగి బిళ్ళ. ఒకవైపు కిరీటం కింద ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన రెండక్షరాలు. రెండోవైపు ఓ అంకె, సగం అరిగిన మాట ఒకటి, కింద 17తో మొదలయ్యే సంవత్సరం. రాజు మొహం లేదు, దేశం పేరు లేదు. ధర చూస్తే కొన్ని యూరోలే. కొనేశాక అసలు పని మొదలవుతుంది: ఇది ఎక్కడిది?

చాలామంది చేసేదేమిటంటే, బొమ్మ వైపు ఫోటో తీసి ఇమేజ్ సెర్చ్‌లో వేస్తారు. పోలికలున్న నాణేలు బోలెడు వస్తాయి, ఏదీ సరిపోదు. నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులు. బొమ్మను పక్కనపెట్టి ముందు బొరుసు చదవాలి, అంటే విలువ రాసిన వైపు. ఎందుకో తెలిస్తే మిగతా మెట్లన్నీ తేలిగ్గా గుర్తుంటాయి కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

18వ శతాబ్దంలో జర్మనీ అని ఒకే దేశం లేదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం అనే గొడుగు కింద డ్యూకులు, కౌంటులు, బిషప్పులు, మఠాధిపతులు, స్వతంత్ర నగరాలు అన్నీ కలిపి 300కు పైగా పాలనలు ఉండేవి. 1806లో సామ్రాజ్యం రద్దయ్యేదాకా ఇదే వరస. పెద్ద వెండి నాణేలు సరిహద్దులు దాటి తిరిగేవి. అందుకే వాటిలో ఎంత వెండి ఉండాలో పెద్ద రాజ్యాలు కూర్చుని ఒప్పందాలు చేసుకునేవి. 1753లో ఆస్ట్రియా, బవేరియా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, ఒక కొలోన్ మార్క్ (దాదాపు 233.8 గ్రాములు) స్వచ్ఛమైన వెండితో టాలర్ అనే పెద్ద వెండి నాణేలు 10 కొట్టాలి.

రాగి చిల్లర సంగతి వేరు. దానిమీద రాసిన విలువ అందులో ఉన్న రాగి ఖరీదుకంటే ఎక్కువ, ఆ తేడా పాలకుడి ఖజానాకు పోతుంది. పక్క రాజ్యం వాడు ఆ తేడాను ఎందుకు భరిస్తాడు? అసలు పుచ్చుకోడు. కాబట్టి రాగి నాణెం పుట్టిన ఊరి చుట్టుపక్కలే రొట్టెల కొట్టు నుంచి సారా కొట్టుకూ, అక్కడినుంచి చర్చి హుండీకీ తిరుగుతూ ఉండేది. అక్కడి జనానికి తమ పాలకుడు ఎవరో నాణెం చెప్పక్కర్లేదు, అది ఎంతకు చెల్లుతుందో చెబితే చాలు. ఆ విలువను ఏ ప్రమాణంలో రాశారన్నదే ఇవాళ మనకు దొరికే మొదటి ఆధారం.

ముందు అది నాణెమో కాదో తేల్చుకోండి

0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు, ప్లాస్టిక్ కాలిపర్, పదింతలు పెద్దగా చూపే భూతద్దం దగ్గర పెట్టుకోండి. బరువు, అడ్డుకొలత కాగితం మీద రాయండి. ఈ రాగి నాణేల్లో ఎక్కువ భాగం 18 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. అంతకన్నా బాగా చిన్నగా, రేకులా పల్చగా ఉంటే అది పెనిగ్ అనే చిల్లర నాణెం, నాసిరకం వెండిది అయ్యుండొచ్చు. అందులో రాగిపాలు ఎక్కువ, పైన తేలిన కాస్త వెండి అరిగిపోయాక అచ్చం రాగిలాగే కనబడుతుంది. నీళ్లలో ముంచి సాంద్రత చూస్తే తేలిపోతుంది కదా అంటారు. ఇంత చిన్న బిళ్ళకు ఇంటి త్రాసుతో ఆ తేడా నమ్మకంగా పట్టుకోలేం, ఆ శ్రమ పడకండి.

ఇంకో బోల్తా ఉంది, ఇది ఎక్కువమందిని ముంచుతుంది. న్యూరెంబర్గ్ నగరంలో లెక్కలు వేసుకోవడానికి ఇత్తడి బిళ్ళలు చేసేవారు. గీతలు గీసిన బల్లమీదో గుడ్డమీదో వాటిని పేర్చి కూడికలు, తీసివేతలు చేసేవాళ్లు. వాటి పేరు రెహెన్‌పెనిగ్, అంటే లెక్కల పెనిగ్. మీద "రెహ్ పెన్" అన్న ముక్క కనబడగానే పెనిగ్ నాణెం అనుకుంటాం. కానీ అది డబ్బు కాదు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: లోహం పసుపు తిరిగి ఉంటుంది, బిళ్ళ పల్చగా ఉంటుంది, అంచున తయారీదారు ఇంటిపేరు ఉంటుంది. లావర్, డీట్‌సెల్ లాంటి పేర్లు కనిపిస్తే దాన్ని వేరే డబ్బాలో వేసేయండి. పనివాడి పూర్తి ఇంటిపేరు చిల్లర నాణెం మీద ఉండటం చాలా అరుదు.

వెలుతురు పక్కనుంచి పడాలి

అరిగిన అక్షరాలు నెత్తిమీద లైటులో కనబడవు. గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ టార్చిని టేబుల్‌కు దాదాపు ఆనించి, వెలుగు నాణెం మీదుగా ఏటవాలుగా జారేట్టు పెట్టండి. టార్చిని కదపకుండా నాణేన్ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో మాయమైన గీత ఇంకో కోణంలో నీడ వేస్తుంది. నాలుగైదు కోణాల్లో ఫోటోలు తీసి, వాటిని నలుపు తెలుపు చేసి, కాంట్రాస్ట్ పెంచి చూడండి. సంవత్సరంలో ఆఖరి అంకె ఒక్కటి దొరికినా ఎంతో లాభం.

ఇప్పుడు విలువ చదవండి

అంకె పక్కన గానీ కింద గానీ ఉన్న మాటను పట్టుకోండి. అది క్రూయిట్సర్ అయితే చూపు దక్షిణానికి తిప్పండి: బవేరియా, ష్వాబియా, ఫ్రాంకోనియా, పాలటినేట్. అక్కడ 60 క్రూయిట్సర్లు ఒక గుల్డెన్. ఒక క్రూయిట్సర్‌కు 4 పెనిగ్‌లు లేదా 8 హెల్లర్లు. స్ట్యూబర్ అయితే దిగువ రైన్ ప్రాంతం, అంటే యూలిష్-బెర్గ్, కొలోన్, క్లేవె, వీడ్ వైపు. లేదంటే ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న తూర్పు ఫ్రీజియా. పావు స్ట్యూబర్ అనేది ఆ వైపు బాగా దొరికే రాగి నాణెం. ష్వారెన్ అని ఉంటే బ్రెమెన్ దాకా వచ్చేసినట్టే.

పెనిగ్, హెల్లర్ దగ్గరే చిక్కు. పెనిగ్ ఉత్తరాన, మధ్య జర్మనీలో, దక్షిణాన అన్నిచోట్లా ఉంది. అప్పుడు అంకె రాసిన తీరు చూడాలి. ఒకటిన్నర పెనిగ్ అని ఉంటే థురింగియాలోని చిన్న చిన్న సాక్సన్ డచీలను ముందు వెతకండి, ఈ విలువ అక్కడ మామూలు. మాటేమీ లేకుండా నాణెం నడిమధ్య పెద్ద రోమన్ అంకె ఒక్కటే, ఉదాహరణకు మూడు నిలువు గీతలు, కనబడితే వెస్ట్‌ఫాలియాను అనుమానించండి. మ్యూన్‌స్టర్, ఓస్నాబ్రూక్ లాంటి చోట్ల అలా కొట్టేవారు. పన్నెండు హెల్లర్లు అని ఉంటే ఎక్కువసార్లు అది ఆఖెన్. అదృష్టవశాత్తూ ఆఖెన్ నాణేల మీద నగరం పేరు రాసే ఉంటుంది.

విలువను ముందు చదవమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పాలకుడి పేరు తెలిసినా ఊరు తెలియకపోవచ్చు. కార్ల్ థియోడోర్ సంగతే తీసుకోండి. 1742 ఆఖర్లో పాలటినేట్‌కు, దాంతోపాటు యూలిష్-బెర్గ్‌కు వారసుడయ్యాడు. 1777లో బవేరియా కూడా అతని చేతికొచ్చింది. ఒకే మనిషి, కానీ యూలిష్-బెర్గ్ రాగి మీద స్ట్యూబర్ లెక్క, పాలటినేట్ రాగి మీద క్రూయిట్సర్ లెక్క, బవేరియాలో హెల్లర్, పెనిగ్. పేరులోని అక్షరాలు చూసి "కార్ల్ థియోడోర్ దొరికాడు" అని ఆగిపోతే మూడు రాజ్యాల్లో ఏదో తేలదు. అలాంటివాడే క్లెమెన్స్ ఆగస్ట్. 1761లో చనిపోయేనాటికి కొలోన్ ఆర్చిబిషప్పే కాక మ్యూన్‌స్టర్, పాడర్‌బోర్న్, హిల్డెస్‌హైమ్, ఓస్నాబ్రూక్‌లకు కూడా బిషప్పు. ఐదు పీఠాలు ఒక్కడి కిందే. సి, ఎ అక్షరాలు అల్లిన రాగి నాణెం దొరికితే ఆయన పేరు దగ్గర ఆగిపోకుండా విలువనే అడగండి.

పేరులా కనిపించే మాటల్ని పక్కకు తీయండి

విలువ చుట్టూ ఉండే మాటల్లో కొన్ని ఊరి పేర్లు కావు. "షైడె మ్యుంట్స్" అని ఉంటే షైడె అనే రాజ్యం కోసం మ్యాపు వెతక్కండి, దానర్థం చిల్లర నాణెం. "లాండ్ మ్యుంట్స్" అంటే ఈ రాజ్యంలో చెల్లే నాణెం. "స్టాట్ మ్యుంట్స్" అంటే నగరం కొట్టించినది. ఆ మూడోదాంతో కాస్త ఉపయోగం ఉంది: పాలకుడు డ్యూకు కాదు, నగరపాలక సభ అని తెలుస్తుంది. "సేదె వకాంతె" అని లాటిన్‌లో ఉంటే బిషప్పు పీఠం ఖాళీగా ఉన్నప్పుడు ఆ కేథడ్రల్ మతాధికారుల సభ కొట్టించిన నాణెం. మ్యూన్‌స్టర్‌లో మాత్రం ఆ సభ పీఠం ఖాళీ కాకపోయినా తన పేరిట రాగి కొట్టించేది. దానిమీద కత్తి పట్టుకున్న సెయింట్ పాల్ ఉంటాడు.

స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటే కంగారు పడొద్దు. పెనిగ్‌నే పెనింగ్ అని కూడా కొట్టేవారు. యు బదులు వి, ఒకటి అంకె బదులు ఐ అక్షరం మామూలే. సెర్చ్ చేసేటప్పుడు అన్ని రకాలుగానూ కొట్టి చూడండి.

అప్పుడు బొమ్మ

ప్రాంతం ఖాయమయ్యాక బొమ్మ మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒక్క తాళంచెవి ఉంటే బ్రెమెన్. రెండు తాళంచెవులు అడ్డదిడ్డంగా పేర్చి ఉంటే, వెనకవైపు ఖాళీగా కూడా ఉంటే, రేగెన్స్‌బుర్గ్ హెల్లర్. నిలబెట్టిన పైన్ కాయ ఆగ్స్‌బుర్గ్ నగరానిది. గోడమీద నడిచే ఎలుగుబంటి అన్‌హాల్ట్, ఎద్దు తల మెక్లెన్‌బుర్గ్, నడుమ పెద్దగా ఐదు రేకుల గులాబీ లిప్పె, నెమలి వీడ్, గద్ద తల సింహం ఒళ్లు కలిసిన గ్రిఫిన్ జంతువు రోస్టాక్. గులాబీ విషయంలో ఒక్కటి చూసుకోండి: మాటల మధ్య చుక్కలకు బదులు చిన్న పువ్వులు చెక్కడం అన్ని టంకశాలల అలవాటు, దాన్ని చూసి లిప్పె అనుకోవద్దు.

దూకే గుర్రం, చెట్టు పట్టుకుని ఒంటికి ఆకులు చుట్టుకున్న అడవి మనిషి: ఇవి రెండూ బ్రౌన్‌ష్వైగ్ వంశానివి. ఆ వంశంలో రెండు శాఖలు. హనోవర్ శాఖలో పాలకులు జార్జ్‌లు, వాళ్లే ఇంగ్లండ్ రాజులు కూడా. కాబట్టి జి, ఆర్ అక్షరాలుంటే హనోవర్. వోల్ఫెన్‌బ్యూటెల్ శాఖలో 1735 నుంచి 1780 దాకా డ్యూక్ కార్ల్. గద్దలు మాత్రం పెద్దగా సాయం చేయవు. ఆఖెన్, ఫ్రాంక్‌ఫర్ట్, గోస్లార్, ప్రష్యా, అన్నిటికీ ఒంటితల గద్దే. గండభేరుండం కనిపించినా అది చక్రవర్తి గుర్తు, ఆయనకు నేరుగా లోబడిన నగరాలూ వాడుకునేవి.

అన్నిటికంటే ముచ్చటైన చిక్కు చక్రం. ఆరు ఆకుల బండిచక్రం ఉన్న రాగి పెనిగ్ మీ చేతిలో ఉందనుకోండి. మైంట్స్ ఆర్చిబిషప్పు గుర్తు చక్రమే. ఆయన ఏలుబడిలోనే ఉన్న ఎర్ఫుర్ట్ గుర్తూ చక్రమే. వీటితో ఏ సంబంధం లేని ఓస్నాబ్రూక్ గుర్తూ చక్రమే. భూతద్దంతో చక్రం పైన చూడండి. డాలు మీద గుండ్రటి టోపీ, దాని అంచున బొచ్చు గీతలు ఉంటే అది చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఎలెక్టర్ల టోపీ. మైంట్స్ ఆర్చిబిషప్పుకు ఆ హక్కుంది, ఓస్నాబ్రూక్ బిషప్పుకు లేదు. టోపీ అరిగిపోయిందా? బొరుసు వైపు తిప్పండి. రోమన్ అంకె మధ్యలో ఒంటరిగా ఉంటే తూకం ఓస్నాబ్రూక్ వైపు మొగ్గుతుంది. చక్రం చుట్టూ "స్టాట్" అన్న మాటలో రెండక్షరాలు మిగిలినా అది ఓస్నాబ్రూక్ నగరపు రాగి అని దాదాపు ఖాయం. మైంట్స్ అని తేలాక సంవత్సరం చూడండి: 1763 నుంచి 1774 దాకా ఎమెరిక్ యోసెఫ్, 1774 తర్వాత ఫ్రీడ్రిక్ కార్ల్ యోసెఫ్. మాటల్లో మాట, ఓస్నాబ్రూక్‌లో ఒకసారి కాథలిక్ బిషప్పు, తర్వాత ప్రొటెస్టెంట్ బిషప్పు అని వంతులుండేవి. 1764లో ప్రొటెస్టెంట్ల వంతు కింద ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ తన రెండో కొడుకు ఫ్రెడరిక్‌ను బిషప్పును చేయించాడు. పిల్లాడికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

చివర్న అక్షరాలు

అల్లిన అక్షరాల్లో మొదటిది సాధారణంగా పాలకుడి పేరు, రెండోది చాలాసార్లు పదవి. హెస్సె-కాసెల్ రాగి మీద ఎఫ్, ఎల్ ఉంటే ఫ్రీడ్రిక్, లాండ్‌గ్రాఫ్ అని. ఈయన 1760 నుంచి 1785 దాకా పాలించిన రెండో ఫ్రీడ్రిక్, అమెరికా యుద్ధంలో బ్రిటన్‌కు సైనికుల్ని అద్దెకిచ్చి పేరు మోసినవాడు. తర్వాత డబ్ల్యు, ఎల్ వస్తుంది: విల్హెల్మ్, లాండ్‌గ్రాఫ్. 1803లో ఆయనకు ఎలెక్టర్ హోదా వచ్చాక ఎల్ పోయి కె వచ్చింది, కుర్‌ఫ్యూర్‌స్ట్ అన్న మాటకు. రాజ్యం అదే, మనిషి అతనే, ఒక్క అక్షరంతో శతాబ్దం మారిపోయింది.

బొరుసు అడుగున సంవత్సరం దగ్గర ఉండే చిన్న అక్షరం వేరు. అది టంకశాల గుర్తు కావచ్చు, టంకశాల అధికారి పేరు కావచ్చు. ఒంటరి సి అక్షరాన్నే చూడండి. ప్రష్యా నాణెం మీద అయితే క్లేవె టంకశాల, ఎందుకంటే 1750లో ప్రష్యా తన టంకశాలలకు వరస అక్షరాలిచ్చింది: బెర్లిన్‌కు ఎ, బ్రెస్లావ్‌కు బి, క్లేవెకు సి. హనోవర్ నాణెం మీద సి అంటే హార్ట్స్ కొండల్లోని క్లౌస్టాల్. 1770ల సాక్సన్ పెనిగ్ మీద సి అంటే ఊరు కాదు, డ్రెస్డెన్ టంకశాల అధికారి క్రోల్. రాజ్యం తేలకముందే ఈ అక్షరం పట్టుకుని వెతికితే తిరిగి తిరిగి అక్కడికే వస్తారు. అందుకే దీన్ని ఆఖర్న పెట్టాను.

సంవత్సరం, పాలకుడి కాలం, అధికారి పనిచేసిన ఏళ్లు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఎఫ్, ఎల్ అని చదివిన నాణెం మీద 1792 కనబడితే ఏదో ఒకటి తప్పు చదివారు. ఎక్కువసార్లు తప్పు అక్షరంలో కాదు, 9 అనుకున్న 7లో ఉంటుంది.

కేటలాగులో సరిచూడటం

న్యూమిస్టా సైటు ఉచితం. అడ్డుకొలత, బరువు, విలువ ఇచ్చి వడపోయొచ్చు, అందుకే మొదట్లో కొలిచి రాసుకోమన్నది. క్రౌజ్ కేటలాగు నంబర్లు, అంటే కేఎం నంబర్లు, అమ్మేవాళ్లు అందరూ వాడతారు. కాకపోతే ఆ నంబర్లు ఒక్కో రాజ్యానికి మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. "కేఎం 45" అని ఒక్కటే రాసుకుంటే దానికి అర్థం లేదు, రాజ్యం పేరుతో కలిపి రాయాలి. ఫోటోతో పోల్చేటప్పుడు మొత్తం ఒకేలా ఉందా అని కాకుండా ఏదో ఒక చిన్న భాగం చూడండి. కిరీటం మీది శిలువ ఏ అక్షరానికి ఎదురుగా ఉంది, అంకె కింద గీత ఉందా లేదా అన్నట్టు. అచ్చులు చేత్తో చెక్కినవి కాబట్టి ఒకే ఏడాది నాణేల్లో కూడా చిన్న తేడాలుంటాయి, అది నకిలీ అని టెన్షన్ పడక్కర్లేదు. ఇంత చవక చిల్లరకు నకిలీ చేసేవాడికి గిట్టుబాటు కూడా కాదు.

కడగొద్దు, వెనక్కి పంపే ఆలోచన కూడా వద్దు

మన ఇళ్లలో రాగి చెంబు మసకబారితే చింతపండు పెట్టి తోముతాం. నాణేనికి మాత్రం ఆ పని చేయకండి. పులుపు పైపొరను తినేస్తుంది, రెండు వందల ఏళ్లుగా పట్టిన గోధుమరంగుతోపాటు అరిగిన అక్షరాల అంచులూ పోతాయి. రాగి ఎర్రగా మెరుస్తుంది, విలువ సగానికి పడిపోతుంది. నిమ్మకాయ, వెనిగర్, పాత్రలు తోమే పొడి, అన్నీ ఆ కోవలోవే. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒకట్రెండు రోజులు నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, అంతే. గట్టిగా అంటుకున్న ముదురాకుపచ్చ చిలుముతో ప్రమాదం లేదు. లేతాకుపచ్చ రంగులో గోరుతో గీకితే పొడిలా రాలేది ఉంటే ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయండి, తేమ తగిలితే అది ఇంకా తినుకుంటూ పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మార్చుతుండాలి. పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నాళ్లకు అవే జిగురుగా మారి రాగికి పచ్చరంగు అంటిస్తాయి.

జర్మనీ నుంచి ఇండియాకు తెప్పించుకునేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం నిషేధం. నచ్చలేదని అమ్మినవాడికి తిరిగి పోస్టులో పంపుదామంటే అదే అడ్డొస్తుంది. జర్మనీలోనే ఉద్యోగం, చదువు చేసుకుంటున్న తెలుగువాళ్లు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు మొత్తం సేకరణ మోసుకురాకపోవడం మేలు. తెచ్చారంటే ఇక్కడే ఉండిపోతుంది.

గుర్తించాక నాణేన్ని మామూలు కాగితపు కవరులో పెట్టి, దానిమీద రాజ్యం, పాలకుడు, విలువ, సంవత్సరం, బరువు, కేఎం నంబరు రాయండి. ఊహించినదానికీ చదివినదానికీ తేడా తెలిసేట్టు, కళ్లారా కనబడని అంకె ఉంటే దాని స్థానంలో అడ్డగీత పెట్టండి, 17-4 అని. ఏమీ తేలని నాణేల కవర్ల మీద విలువ, అడ్డుకొలత మాత్రం రాసి, స్ట్యూబర్లు ఒక కట్ట, క్రూయిట్సర్లు ఒక కట్ట, పెనిగ్‌లు ఒక కట్టగా విడివిడిగా పెట్టుకోండి. అదే రకం నాణెం ఇంకొంచెం తక్కువ అరిగినది చేతికొచ్చినప్పుడు, పక్కపక్కన పెట్టి చూడటానికి ఏ కట్ట తీయాలో వెతుక్కోనక్కర్లేదు.